బురుజు

బురుజు అనగా కోటగోడ వరుస నుండి వెలుపలికి పొడుచుకొని వచ్చునట్లు, గోడకంటె దృఢంగాను, తరచుగా గోడకంటె ఎత్తుగాను కట్టిన రక్షణ నిర్మాణం. శత్రువును దూరం నుండి కనిపెట్టడానికి, గోడ మొదట్లోకి చేరినవారిని ప్రక్క నుండి కొట్టడానికి, ఫిరంగులను నిలపడానికి ఇది ఉపయోగపడుతుంది. కోటతో సంబంధం లేకుండా ఊరి నడుమనో, ఊరి అంచుననో ఒంటరిగా నిలిచే కావలి కట్టడాన్ని కూడా తెలుగువారు బురుజు అనే పిలుస్తారు.

ఈ పదం అరబ్బీ భాషలోని "బుర్జ్" నుండి పారశీకం ద్వారా తెలుగులో ప్రవేశించిన అన్యదేశ్యం. అంతకు పూర్వం ఈ నిర్మాణానికి తెలుగులో కొత్తళము, సంస్కృతంలో అట్టాలకము అనే పేర్లు ఉన్నాయి. అనగా మాట వెలుపలి నుండి వచ్చినదే కాని, కట్టడం అంతకు ముందే ఇక్కడ ఉన్నది. ఫిరంగుల కాలంలో కట్టడం రూపం మారింది. ఆ మారిన రూపంతో పాటు కొత్త పేరు స్థిరపడి, పాత పేర్లను దాదాపుగా మరుగుపరచింది.

పద వ్యుత్పత్తి

అరబ్బీలో "బుర్జ్" అనగా గోపురం, ఎత్తైన కట్టడం, కోట బురుజు అని అర్థాలు. దీని బహువచనం "బురూజ్" లేదా "అబ్రాజ్". ఖురాన్‌లోని 85వ అధ్యాయానికి "అల్ బురూజ్" అని పేరు. కాబట్టి ఏడవ శతాబ్ది నాటికే ఈ పదం అరబ్బీలో బాగా నాటుకొని ఉన్నదని స్పష్టమవుతుంది.

అయితే ఇది అరబ్బీలో పుట్టిన పదం కాదని భాషావేత్తలలో ఎక్కువమంది అభిప్రాయం. గ్రీకు భాషలో గోపురాన్ని "పూర్గోస్" అంటారు. రోమన్ సామ్రాజ్యపు చివరి శతాబ్దులలో సరిహద్దుల వెంబడి కట్టిన చిన్న కావలి కోటలను లాటిన్‌లో "బుర్గుస్" అన్నారు. సిరియా, అరేబియా అంచుల వెంబడి కూడా రోమన్ల సరిహద్దు కోటలు ఉండేవి. ఈ గ్రీకు, లాటిన్ పదాలలో ఒకటి ఆ ప్రాంతపు అరమాయిక్ (సిరియాక్) భాషలోకి, అక్కడి నుండి అరబ్బీలోకి చేరి ఉంటుందని చెబుతారు. ఈ రెండింటిలో ఏది అసలు మూలమన్న విషయంలో పండితులలో ఏకాభిప్రాయం లేదు.

లాటిన్ "బుర్గుస్"కు జర్మానిక్ భాషలలోని "బుర్గ్" (కోట, కోట గల పట్టణం) అనే పదంతో సంబంధం ఉన్నదని కొందరి వాదన. హాంబర్గ్, సాల్జ్‌బర్గ్ వంటి ఊర్ల పేర్లలో కనిపించేది ఈ పదమే. జర్మానిక్ పదానికి మూలమైన ఇండో-యూరోపియన్ ధాతువునకు "ఎత్తైన" అని అర్థం. సంస్కృతంలోని "బృహత్", పారశీకంలోని "బులంద్" (బులంద్ దర్వాజాలోని మొదటి మాట) ఆ ధాతువు నుండి పుట్టినవే. పై వాదన నిజమైతే బురుజు అనే మాట బృహత్ అనే మాటకు దూరపు చుట్టం అవుతుంది. కాని ఇది ఋజువైన విషయంగా చెప్పడానికి వీలులేదు.

అరబ్బీ నుండి ఈ పదం పారశీకంలో "బుర్జ్"గాను, తుర్కీలో "బుర్చ్"గాను స్థిరపడింది. దక్కనులో 1347లో ఏర్పడిన బహమనీ రాజ్యంలోను, దాని తరువాతి సుల్తానుల రాజ్యాలలోను పారశీకం రాచకార్యాలలో వాడుకలో ఉండేది. కిల్లా, కిల్లేదారు, ఫిరంగి, ఫౌజు, తోపు, దర్వాజా వంటి కోట సంబంధమైన అనేక మాటలు పారశీకం, దక్కనీ ఉర్దూల ద్వారా తెలుగు, కన్నడ, మరాఠీ భాషలలోకి వచ్చాయి. కన్నడంలో "బురుజు", మరాఠీలో "బురుజ్" అనే రూపాలు నేటికీ ఉన్నాయి.

"బుర్జ్" తెలుగులో "బురుజు" కావడంలో భాషా సహజమైన రెండు మార్పులు ఉన్నాయి. మొదటిది, రేఫకు, జకారానికి నడుమ ఉకారం చేరడం. రెండవది, పదం చివర ఉకారం చేరి అజంతం కావడం. "షర్త్" షరతు అయినట్లు, "అస్ల్" అసలు అయినట్లు, "నక్ల్" నకలు అయినట్లే ఇదీ జరిగింది. ఈ మార్పుల వలన పదం తెలుగు నుడికారంలో ఎంతగా కలిసిపోయిందంటే, దీనిని అన్యదేశ్యమని ఇప్పుడు ఎవరూ వెంటనే గుర్తించరు.

అరబ్బీలో ఇతర అర్థాలు

ఖగోళ, జ్యోతిష శాస్త్రాలలో "బుర్జ్" అనగా రాశి. సూర్యుడు సంవత్సరకాలంలో సంచరించే పన్నెండు రాశులను పన్నెండు బురుజులుగా భావించారు. ఉర్దూలో మేషరాశిని "బుర్జ్-ఎ-హమల్" అంటారు. తెలుగులోకి ఈ అర్థం రాలేదు, కోట అర్థం మాత్రమే వచ్చింది.

నేటి అరబ్బీలో బహుళ అంతస్తుల భవనాలను కూడా బుర్జ్ అంటారు. దుబాయిలో 2010లో ప్రారంభమైన 828 మీటర్ల "బుర్జ్ ఖలీఫా" పేరులోని మొదటి మాట, కర్నూలు కొండారెడ్డి బురుజు పేరులోని చివరి మాట ఒక్కటే.

పూర్వ పదాలు

సంస్కృతంలో కోట అంగాలకు విస్తృతమైన పదజాలం ఉన్నది. పరిఖ (అగడ్త), వప్రము (మట్టికట్ట), ప్రాకారము (గోడ), అట్టాలకము (బురుజు), ప్రతోళి (ద్వారంతో కూడిన కట్టడం) అందులో ముఖ్యమైనవి. కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలోని దుర్గవిధాన ప్రకరణంలో వీటి కొలతలు కూడా ఉన్నాయి. దాని ప్రకారం ఒక అట్టాలకానికి, మరొక అట్టాలకానికి నడుమ 30 దండముల దూరం ఉండాలి. దండమును నాలుగు మూరలుగా, అనగా సుమారు ఆరు అడుగులుగా లెక్కిస్తే ఇది దాదాపు 54 మీటర్లు. రెండు అట్టాలకాల నడుమ ప్రతోళిని, అట్టాలకానికి ప్రతోళికి నడుమ ముగ్గురు విలుకాండ్రు నిలిచేందుకు తగిన "ఇంద్రకోశం" అనే మరుగును కట్టాలని అందులో ఉన్నది.

ఈ కొలతల వెనుక ఉన్న యుక్తి తేలికగా అర్థమవుతుంది. రెండు అట్టాలకాల నడుమ దూరం బాణం తగిలే దూరానికి లోబడి ఉంటే, ఒకదాని మీది విలుకాడు రెండవదాని ముందుకు వచ్చిన శత్రువును కొట్టగలడు. నడుమనున్న గోడ రెండు వైపుల నుండి రక్షణ పొందుతుంది. తరువాతి కాలంలో ప్రపంచంలో ఎక్కడ బురుజులు కట్టినా ఆధారమైన సూత్రం ఇదే.

తెలుగులో బురుజుకు "కొత్తళము" అనే పేరు ఉన్నది. తమిళంలో "కొత్తళం", కన్నడంలో "కొత్తళ" అనే రూపాలు ఉండడం వలన ఇది దక్షిణాది భాషలకు ఉమ్మడి పదమని తెలుస్తుంది. "కోట కొత్తళాలు" అనే జంటపదంలో ఈ మాట ఇంకా మిగిలి ఉన్నది. విడిగా దాని అర్థం తెలిసినవారు తక్కువ.

నిర్మాణం - ప్రయోజనం

తిన్నని గోడ మీద నిలిచిన సైనికునికి ఒక పెద్ద ఇబ్బంది ఉన్నది. ఎదురుగా దూరాన ఉన్నవారు అతనికి కనిపిస్తారు కాని, గోడ మొదట్లోకి చేరి నిచ్చెన వేసేవాడు గాని, పునాది త్రవ్వేవాడు గాని కనిపించడు. వానిని చూడాలంటే సైనికుడు గోడ మీదుగా తల, మొండెం బయటికి వంచాలి. అప్పుడు తానే బాణానికో, గుండుకో గురి అవుతాడు. గోడలో అక్కడక్కడ కొంత భాగాన్ని ముందుకు పొడుచుకొని వచ్చేటట్లు కడితే, అక్కడ నిలిచినవాడు గోడ వెంబడి ప్రక్కకు చూడగలడు, ప్రక్కకు కొట్టగలడు. గోడ మొదట్లో దాగడానికి చోటు ఉండదు. బురుజుకు గల మొదటి ప్రయోజనం ఇదే. చూడడానికి అది గోడకు అలంకారంగా కనిపించినా, నిజానికి గోడను కాపాడేది బురుజే.

బురుజులో సాధారణంగా కనిపించే భాగాలు, వాటికి సంబంధించిన మాటలు:

* పునాది: నేల దగ్గర వెడల్పుగా ఉండి పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. ఈ వాలు వలన గోడకు బలం చేకూరుతుంది, సొరంగం త్రవ్వి కూల్చడం కష్టమవుతుంది.
* గర్భం: చాలా బురుజులలో లోపలి భాగాన్ని మట్టితో, రాళ్లతో నింపుతారు. కొన్నింటిలో మందుగుండు, ధాన్యం నిలువ చేయడానికి గదులు ఉంటాయి.
* వేదిక: పైభాగంలో సైనికులు, ఫిరంగులు నిలిచే చోటు.
* కోటకొమ్మలు: వేదిక చుట్టూ పిట్టగోడ మీద వరుసగా నిలిపిన దిమ్మలు. వీటి మరుగున నిలిచి, నడుమ సందులలో నుండి కొడతారు.
* రంధ్రాలు: తుపాకులు పెట్టడానికి గోడలో వదిలిన సన్నని కంతలు. వెలుపల సన్నగా, లోపల వెడల్పుగా ఉండడం వలన లోపలివాడు తుపాకిని అటూ ఇటూ త్రిప్పగలడు, వెలుపలివానికి గురి దొరకదు.

పూర్వకాలపు బురుజులు ఎక్కువగా చతురస్రాకారంలోనో, దీర్ఘచతురస్రాకారంలోనో ఉండేవి. చతురస్రపు మూల రాళ్లను ఊడబెరకడం సులువు. గుండు దెబ్బకు మొదట రాలిపోయేవి కూడా మూలలే. గుండ్రని బురుజుకు మూలలు లేవు. దానికి తగిలిన గుండు చాలాసార్లు ప్రక్కకు జారిపోతుంది. అందువలన ఫిరంగుల వాడకం పెరిగిన తరువాత గుండ్రని బురుజులే ఎక్కువయ్యాయి.

ఫిరంగుల రాక

దక్కనులో బురుజు రూపం పదహారవ శతాబ్దంలో వేగంగా మారింది. 1520లో రాయచూరు వద్ద జరిగిన యుద్ధంలో శ్రీకృష్ణదేవరాయలు బిజాపూరు సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్‌షాను ఓడించాడు. ఆ యుద్ధంలో ఫిరంగులు ఎక్కువగా ఉన్నది ఓడిన పక్షానికే. రిచర్డ్ ఈటన్, ఫిలిప్ వాగనర్ అనే చరిత్రకారులు 2014లో ప్రచురించిన గ్రంథంలో దీని పర్యవసానాన్ని చర్చించారు. వారి వాదన ప్రకారం, ఓడిన బిజాపూరు తన ఫిరంగులను, కోటలను మెరుగుపరచుకొనగా, గెలిచిన విజయనగరానికి ఆ అవసరం తోచలేదు. 1565లో తళ్లికోట యుద్ధం నాటికి ఈ తేడా ప్రస్ఫుటమైంది.

ఈ మార్పులలో ముఖ్యమైనది ఫిరంగిని బురుజు పైకి ఎక్కించడం. బురుజు వేదిక నడుమ ఒక ఇరుసును నాటి, దాని మీద ఫిరంగిని అమర్చితే, కొద్దిమంది మనుషులు దానిని ఏ దిక్కునకు కావలసిన ఆ దిక్కునకు త్రిప్పగలరు. ఇటువంటి ఫిరంగికి గుండ్రని వేదిక చక్కగా సరిపోతుంది. ఎత్తు వలన గుండు మరింత దూరం పోతుంది. ఈ కారణంగా దక్కను కోటలలో బురుజులు లావుగా, ఎత్తుగా, గుండ్రంగా తయారయ్యాయి.

నేటి కర్ణాటకలోని బిజాపూరు (విజయపుర) ఈ మార్పునకు మంచి ఉదాహరణ. అక్కడి షేర్జా బురుజు మీద 1549లో అహ్మద్‌నగర్‌లో పోతపోసిన "మాలిక్-ఎ-మైదాన్" అనే ఫిరంగి ఉన్నది. దీని బరువు సుమారు 55 టన్నులు. ఆ ఊరిలోనే ఉన్న ఉప్లీ బురుజు కోటగోడకు అంటకుండా విడిగా, సుమారు 24 మీటర్ల ఎత్తున, వెలుపలి వైపు చుట్టు తిరిగిన మెట్లతో ఉంటుంది. దీని మీద కూడా పొడవైన ఫిరంగులు ఉన్నాయి.

బురుజు - బాస్టియన్

ఆంగ్లంలోని "బాస్టియన్" అనే పదానికి తెలుగు నిఘంటువులు బురుజు అని అర్థం ఇస్తాయి. ఈ రెండు పదాలు మొదటి అక్షరంలో కలిసినా, వాటికి ఏ చుట్టరికమూ లేదు. బాస్టియన్ అనే పదం ఇటాలియన్ "బాస్తియోనె" నుండి ఫ్రెంచి ద్వారా ఆంగ్లంలోకి వచ్చింది. దాని మూలంలో "కట్టు, నిర్మించు" అనే అర్థం గల క్రియ ఉన్నది. పారిస్‌లో 1789లో ప్రజలు పట్టుకొన్న "బాస్తీయ్" కోట పేరు కూడా ఆ క్రియకు చెందినదే.

అర్థంలోనూ కొంత తేడా ఉన్నది. ఐరోపాలో 1494లో ఫ్రెంచి రాజు ఎనిమిదవ చార్లెస్ ఫిరంగులతో ఇటలీ మీదికి దండెత్తినప్పుడు, పాతకాలపు ఎత్తైన సన్నని కోటగోడలు వాటికి నిలువలేవని తేలిపోయింది. ఇటలీలోని వాస్తుకారులు గోడల ఎత్తు తగ్గించి, మందం పెంచి, వెనుక మట్టి నింపారు. వారు మరొక లోపాన్ని కూడా గమనించారు. గుండ్రని బురుజు ముక్కు ముందు కొద్దిపాటి త్రిభుజాకారపు చోటు ఉంటుంది. ప్రక్క బురుజుల నుండి వచ్చే గుండ్లు ఆ చోటికి తగలవు. శత్రువు అక్కడ దాగి పునాది త్రవ్వగలడు. ఆ త్రిభుజాన్ని కూడా గోడలోనే కలుపుకొని బురుజును బాణం మొనవలె కట్టితే దాగే చోటు మిగలదు. ఈ మొనదేలిన బురుజే అసలైన బాస్టియన్. ఇటువంటివి వరుసగా కట్టినప్పుడు కోట పైనుండి చూస్తే నక్షత్రంవలె కనిపిస్తుంది. ఫ్రాన్సుకు చెందిన వోబాన్ (1633-1707) ఈ పద్ధతిలో నిపుణుడిగా పేరుపొందాడు.

కాబట్టి బాస్టియన్లన్నిటినీ బురుజులు అనవచ్చును గాని, గోల్కొండ బురుజులను ఐరోపా అర్థంలో బాస్టియన్లు అనడం పూర్తిగా సరికాదు. ఒకే సమస్యకు ఐరోపా మొనదేలిన, పొట్టి బురుజుతోను, దక్కను గుండ్రని, ఎత్తైన బురుజుతోను జవాబు చెప్పాయి.

తెలుగునాట ప్రసిద్ధమైన బురుజులు

ఓరుగల్లు కోట: కాకతీయ గణపతిదేవుడు, రుద్రమదేవి కాలంలో (పదమూడవ శతాబ్దం) రూపుదిద్దుకొన్న ఈ కోటలో రాతిగోడకు 45 బురుజులు ఉన్నాయి. ఇవి చతురస్ర, దీర్ఘచతురస్రాకారాలలో ఉంటాయి. ఫిరంగులకు పూర్వపు కొత్తళాలు ఎట్లా ఉండేవో చూడదలచిన విద్యార్థులకు ఇది తగిన చోటు. రాతిగోడ వెలుపల అగడ్త, ఆ తరువాత మట్టికోట ఉన్నాయి. 1323లో ఢిల్లీ సేనలు ఈ కోటను వశం చేసుకొన్నాయి.

గోల్కొండ కోట: కాకతీయుల కాలపు మట్టికోటను కుతుబ్‌షాహీలు (1518-1687) రాతికోటగా మార్చారు. వెలుపలి ప్రాకారానికి అర్ధవృత్తాకారపు బురుజులు 87 ఉన్నాయి. వీటిలో పేట్లా బురుజు, మూసా బురుజు ప్రసిద్ధమైనవి. 1656లో ఔరంగజేబు దక్కను సుబేదారుగా ఉన్నప్పుడు ఈ కోటను ముట్టడించాడు. షాజహాను ఆజ్ఞ మీద ఆ ముట్టడి ఆగిపోయింది. అయితే కోట వెలుపలి గుట్ట నుండి ఫిరంగులు కోటలోనికి కొట్టగలవని అబ్దుల్లా కుతుబ్‌షాకు తెలిసివచ్చింది. ఆ గుట్టను కూడా లోపలికి చేర్చుతూ అతడు కట్టించినదే నయాఖిల్లా. సేనాని మూసాఖాన్ పేరు గల మూసా బురుజు కూడా ఆ ముట్టడి తరువాత కట్టినదే.

1687లో ఔరంగజేబు చక్రవర్తిగా తిరిగివచ్చి ఎనిమిది నెలలు ముట్టడించాడు. మొగలాయిలు బురుజుల క్రింద సొరంగాలు త్రవ్వి మందు దట్టించి పేల్చగా, ఆ పేలుళ్లు వారి మీదికే ఎదురుతిరిగాయి. చివరకు సెప్టెంబరు నెలలో కోటలోని ఒక అధికారి లంచానికి లోబడి రాత్రివేళ ద్వారం తెరవడం వలన గోల్కొండ పడిపోయింది. బురుజులు ఓడిపోలేదు. తానాషా బందీగా దౌలతాబాదుకు పోయాడు.

కొండారెడ్డి బురుజు: కర్నూలు నగరం నడుమ ఉన్నది. విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల కాలంలో (పదహారవ శతాబ్దం) కట్టిన కోటలో ఇది ఒక భాగం. కోటలో అధికభాగం కాలగర్భంలో కలిసిపోగా ఈ బురుజు నగరానికి గుర్తుగా నిలిచింది. పదిహేడవ శతాబ్దంలో అలంపురం పాలకుడైన కొండారెడ్డిని కర్నూలు నవాబు ఇక్కడ బంధించినందువలన ఈ పేరు వచ్చిందని చెబుతారు. 2003లో విడుదలైన "ఒక్కడు" చలనచిత్రం తరువాత ఇది రాష్ట్రమంతటా సుపరిచితమైంది.

విజయనగరం కోట: 1713లో కట్టడం మొదలైన ఈ చతురస్రాకారపు కోటకు నాలుగు మూలల నాలుగు బురుజులు ఉన్నాయి.

బొబ్బిలి కోట: 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజు కలిసి ఈ మట్టికోటను ముట్టడించారు. ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్ ఈ యుద్ధాన్ని వివరంగా వ్రాశాడు. ఆయన కథనం ప్రకారం తెల్లవారగానే ఫిరంగులను నాలుగు బురుజుల మీదనే గురిపెట్టారు. కొన్ని కోటకొమ్మలు కూలిన తరువాత నిచ్చెనలతో ఎక్కబోయినవారిని కోటలోనివారు చాలాసేపు నిలువరించారు. కోటలో బురుజుకు గల స్థానం ఎటువంటిదో ఈ వృత్తాంతం తెలియజేస్తుంది.

గ్రామ బురుజులు

తెలంగాణలోను, రాయలసీమలోను అనేక గ్రామాలలో ఒంటరి బురుజులు కనిపిస్తాయి. ఇవి రాజుల కోటలు కావు. బందిపోట్లు, దండు కదలికలు, పొరుగు పాలెగాళ్ల దాడుల నుండి ఊరిని కాపాడుకోవడానికి కట్టుకొన్నవి. 1816లో పిండారీలు గుంటూరు ప్రాంతం దాకా వచ్చి దోచుకొన్న సంఘటన, ఆ కాలంలో ఊళ్లకు ఉన్న భయం ఎటువంటిదో తెలుపుతుంది. క్రింద రాతితోను, పైన మట్టితోను కట్టిన గుండ్రని బురుజు మీద కావలివాడు ఉండేవాడు. ధూళి లేవడం చూడగానే నగారా మ్రోగించేవాడు. పొలాల్లోనివారు ఊరిలోకి చేరుకొనేవారు. తెలంగాణలో దొరల గడీలకు కూడా మూలల బురుజులు ఉండేవి. ఊరి బురుజు ఊరిని కాపాడేది కాగా, గడీ బురుజు ఊరి మీద దొర అధికారానికి గుర్తుగా ఉండేది.

గ్రామ బురుజుల చరిత్రలో బైరాన్‌పల్లి పేరు మరువరానిది. ప్రస్తుత సిద్దిపేట జిల్లాలో ఉన్న ఈ గ్రామ ప్రజలు 1948లో రజాకార్ల దాడులను ఎదుర్కోవడానికి రక్షణ దళంగా ఏర్పడి, ఊరి నడుమనున్న పాత బురుజును కావలి స్థానంగా చేసుకొన్నారు. మొదటి దాడులను వారు త్రిప్పికొట్టారు. 1948 ఆగస్టు 27 తెల్లవారుజామున రజాకార్లు నిజాం సైనికులతో, ఫిరంగితో వచ్చి ఊరిని చుట్టుముట్టారు. బురుజు మీదివారిని చంపిన తరువాత గ్రామస్థులను వరుసగా నిలబెట్టి కాల్చారు. ఆ దినాన సుమారు వంద మంది చనిపోయారు. మృతుల సంఖ్యను వేర్వేరు కథనాలు వేర్వేరుగా చెబుతాయి. ఇది జరిగిన మూడు వారాలకు, సెప్టెంబరు 17న, హైదరాబాదు సంస్థానం భారత సైన్యానికి లొంగిపోయింది. బైరాన్‌పల్లి బురుజు ఆ సంఘటనకు సాక్షిగా నిలిచింది.

ఇరవయ్యవ శతాబ్దం నడుమ కూడా ఒక మట్టి బురుజు తన పాత పని తాను చేయవలసి వచ్చిందని ఈ ఉదంతం వలన తెలుస్తుంది. నాటు తుపాకుల వరకు అది నిలువగలిగింది. ఫిరంగి ముందు నిలువలేకపోయింది.

వాడుకలో

* హైదరాబాదు పాతబస్తీలో పేట్లబురుజు అనే ప్రాంతం ఉన్నది. అక్కడి ప్రభుత్వ ప్రసూతి వైద్యశాల వలన ఈ పేరు నగరవాసులందరికీ తెలుసు.
* ఆంగ్ల పత్రికలు ఒక పార్టీకి గట్టి పట్టున్న నియోజకవర్గాన్ని "బాస్టియన్" అని వ్రాస్తాయి. ఆ సందర్భంలో తెలుగు పత్రికలు బురుజు అనవు, "కంచుకోట" అంటాయి. తెలుగులో బురుజు అనే మాట ఇప్పటికీ కట్టడాన్నే సూచిస్తుంది. అలంకారార్థంలో అంతగా వాడుకలోకి రాలేదు.
* బురుజు, గోపురం, స్తంభం అనే మాటలను కలగాపులగంగా వాడడం కనిపిస్తుంది. గోపురం దేవాలయ ద్వారం మీది కట్టడం, స్తంభం పై భారాన్ని మోసేది లేదా ఒంటరిగా నిలిపేది, బురుజు రక్షణ కోసం కట్టినది. చార్మినార్ మూలలలో ఉన్నవి మీనార్లే కాని బురుజులు కావు.

ప్రస్తుత స్థితి

గోల్కొండ, ఓరుగల్లు వంటి కోటలు భారత పురావస్తు శాఖ సంరక్షణలో ఉన్నాయి. గ్రామ బురుజులలో చాలావాటికి అటువంటి రక్షణ లేదు. మట్టి బురుజుకు మొదటి శత్రువు వాన. పైకప్పు, గచ్చు పోయిన తరువాత నీరు గర్భంలోకి దిగి, మట్టి ఉబ్బి, రాతి వరుస విచ్చుకొంటుంది. తరువాత గోడల సందులలో రావి, మర్రి మొలకెత్తుతాయి. ఊడిన రాళ్లను ఇళ్లకు, గట్లకు తీసుకొనిపోతారు. గుప్తనిధుల ఆశతో పునాదులు త్రవ్వేవారు మరికొందరు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కూల్చినవీ ఉన్నాయి.

రాజుల కోటలకు శాసనాలు, తవారీఖులు ఉన్నాయి. కోట కూలినా దాని చరిత్ర గ్రంథాలలో మిగులుతుంది. గ్రామ బురుజులలో చాలావాటిని ఎవరు కట్టారో, ఎప్పుడు కట్టారో తెలిపే శాసనం లేదు. ఊరి పెద్దలు చెప్పే మాట, ఆ కట్టడం - ఈ రెండే ఆధారాలు. అందువలన ఒక ఊరి బురుజు కూలితే ఆ ఊరి చరిత్రలో ఒక అధ్యాయం తిరిగి దొరకకుండా పోతుంది. బురుజు ఎత్తు, చుట్టుకొలత, వాడిన సామగ్రి, తుపాకి రంధ్రాల సంఖ్య, దాని గురించి పెద్దలు చెప్పే విషయాలు నమోదు చేసి, ఛాయాచిత్రాలు తీసి ఉంచడం పాఠశాల విద్యార్థులు కూడా చేయగలిగిన పని.

ఇవి కూడా చూడండి

* కోట
* అగడ్త
* గోల్కొండ
* ఓరుగల్లు కోట
* కొండారెడ్డి బురుజు
* బొబ్బిలి యుద్ధం
* బైరాన్‌పల్లి
* గడీ